బిడ్డ పెండ్లికి కువైట్ నుంచి వచ్చే తల్లి



మా మదనపల్లె వైపు పెద్దతిప్పసముద్రం అని ఒక మండలం ఉంది. పేరులో సముద్రం ఉంది గదా అని అలల కోసం వెదక్కండి. పెద్ద చెరువున్న ఊళ్ళకు 'సముద్రం' అని పేరు పెట్టడం మా సీమలో పాతకాలపు వాడుక. వానలు మొగం చాటేసి, బోర్లు ఎండిపోయి, వేరుశనగ చేతికి రాక, ఆ వైపు నుంచీ, పక్కనున్న రాయచోటి, కడప వైపు నుంచీ ఎందరో ఆడవాళ్ళు నిజమైన సముద్రం దాటి కువైట్‌లో ఇంటిపనికి పోతున్నారు. ఎందుకమ్మా అని అడిగి చూడండి, 'బిడ్డ పెండ్లి చెయ్యాల గదా' అనే మాట తప్పక వస్తుంది.

మనకేమి సంబంధం అంటారేమో. మన ఇంట్లో పనిచేసే పిల్ల తల్లో, పక్కవీధి వారి వదినో అక్కడే ఉంటుంది. కాగితాలు చదివి పెట్టమనీ, ఒక మాట సలహా చెప్పమనీ వాళ్ళు వచ్చేది మన దగ్గరికే. అందుకని నాలుగు సంగతులు మనకు తెలిసి ఉండడం మంచిది.

మొదటిది, ముహూర్తం కంటే ముందు సెలవు. ఇంటిపని వాళ్ళ కోసం కువైట్‌లో 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. దాని ప్రకారం ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఉంది, వారానికొక విశ్రాంతి దినం ఉంది. ఆమె ఒప్పుకోనిదే పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. చట్టం అలా ఉన్నా, ఆమె అనుమతి కాగితం యజమానితో ముడిపడి ఉంటుంది కనుక, ఏ నెలలో పంపేదీ చాలా ఇళ్ళలో వాళ్ళే తేలుస్తారు. రంజాన్ నెలలో అక్కడ వంటా వడ్డనా రెట్టింపు, సెలవు దొరకడం కష్టం. ఆ నెల ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఒక్కోసారి మన మాఘ, ఫాల్గుణ ముహూర్తాల మీదికే వచ్చి పడుతుంది. కాబట్టి లగ్నపత్రిక రాసుకుని తర్వాత ఫోను చేయడం కాదు. ముందు ఆమెను అడిగి, 'ఈ మూడు వారాల్లో చూడండి స్వామీ' అని పురోహితుణ్ణి అడగాలి. మగవాళ్ళు కంపెనీల్లో ఉంటే ఇంకొక సంగతి. 2025 జూలై 1 నుంచి వాళ్ళు ఆ దేశం దాటడానికి యజమాని అనుమతి పత్రం కావాలి. అది చేతికందే వ్యవధి కూడా చూసుకోవాలి.

రెండోది బంగారం. ఏడాదికి మించి విదేశంలో ఉండి వచ్చే ఆడమనిషి 40 గ్రాములు, మగమనిషి 20 గ్రాములు నగలు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఇది నగలకే గానీ బిస్కట్లకు, నాణేలకు కాదు. ఈ నిబంధనలు మారుతుంటాయి కనుక బయలుదేరే ముందు కనుక్కోవడం మేలు. కొన్న రసీదు దగ్గరుండాలి. 'మాకూ ఒక గొలుసు తెచ్చిపెట్టు' అని బంధువులం ఆమె నెత్తిన బరువు పెట్టకూడదు. దేవనహళ్ళిలో పట్టుబడితే సమాధానం చెప్పుకోవలసింది ఆమే గదా.

మూడోది అప్పు. చప్పరానికీ, దీపాలకూ, వంటవాళ్ళకూ 'కువైట్ డబ్బే గదా' అని ధారాళంగా ఒప్పేసుకుంటారు. చదివింపులు కూడా తిరిగి పెట్టవలసిన బాకీలే. పెండ్లి మూడు రోజుల్లో అయిపోతుంది, వడ్డీ కట్టడానికి ఆమె మళ్ళీ రెండేళ్ళు ఎవరి ఇంట్లోనో గిన్నెలు తోమాలి. ఆమె రాకముందే ఖర్చు పట్టీ రాసి, ఫోనులో చదివి వినిపించండి. ఆమె కొట్టేయమన్నవి కొట్టేయండి.

ఇక నాలుగోది, నన్ను బాధపెట్టేది. నాకు తెలిసిన ఒకావిడ ఆరేళ్ళ తర్వాత పెండ్లి ముందురోజు సాయంత్రం దిగింది. తాంబూలాలు ఎక్కడున్నాయో ఆమెకు తెలియదు. చీర కట్టించుకోవడానికి బిడ్డ పిన్నమ్మ దగ్గరికే పోయింది. 'కువైటామె వచ్చింది' అని అందరూ కుర్చీ వేసి కాఫీ ఇచ్చారు. తన ఇంట్లో తానే చుట్టం అయిపోయింది పాపం! భర్త లేని తల్లి అయితే మరీ అన్యాయం. సంపాదన ఆమెది, పీటల మీద కూర్చునేది చిన్నాయనా, పిన్నమ్మా. శాస్త్రం పేరు చెప్పి ఆమెను గోడవారకు నెట్టకండి. తల్లి చేతి అక్షింతల కంటే శుభం ఇంకేముంది?

అందుకే ఆ 30 రోజుల్లో కనీసం పది రోజులు పెండ్లికి ముందు పడేలా చూడాలి. చీరలు కొనడానికి ఆమె, బిడ్డ కలిసి పోవాలి. పసుపు దంచేనాడు, నలుగు పెట్టేనాడు ఆమె ఇంట్లో ఉండాలి. రాత్రిపూట తల్లీ బిడ్డా ఒకచోట పడుకుని మాట్లాడుకునే వ్యవధి ఉండాలి. పెండ్లయినాక వారమైనా మిగిలితే, కూతురి అత్తగారింటికి పోయి, ఆ వంటిల్లు చూసి, వియ్యపురాలితో రెండు మాటలు ఆడి వస్తుంది. తిరిగి పోయాక ఆ మాటలే ఆమెకు ధైర్యం.

ఈ ఏడు మీ ఎరుకలో ఇలాంటి పెండ్లి ఏదైనా ఉంటే, పత్రికలు అచ్చు వేయించకముందే ఒక్కసారి అడగండి: 'మీ అమ్మకు సెలవు ఎప్పుడు దొరుకుతుందమ్మా?' అని.