అడిగినప్పుడే గణించుట



ఆలస్యము అమృతమును విషము చేయునని ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు బోధించితిని. ఆలస్యము చేయుటయే నేర్పగు సందర్భమొకటి కలదని ఈ వయస్సున నా మనుమనివలన తెలిసికొంటిని. నేటి ప్రసంగము దానిని గూర్చియే. విషయము కంప్యూటరు ప్రోగ్రాములకు సంబంధించినదే యైనను వెనుదీయ నక్కరలేదు. అడంగలు చూచినవారికిని, పంచాంగము చెప్పించుకొన్నవారికిని ఇందు అర్థము కానిది లేదు.

తర్కశాస్త్రమున జాతి, వ్యక్తి, గుణము అను మాటలు కలవు. గోత్వము జాతి, మన దొడ్డిలోని ఆవు వ్యక్తి, దాని తెల్లని వన్నె గుణము. ప్రోగ్రాములు వ్రాయువారు క్లాసు అనునది ఇంచుమించు జాతివంటిది. నా మనుమడు మా కుటుంబము కొఱకు ఒక పంచాంగపు ప్రోగ్రాము వ్రాసెను. అందు దినము అనునది క్లాసు. ఫలానా నెలలోని ఫలానా బుధవారము దానికి వ్యక్తి. ఆ దినపు తేదీ, ఊరు, సూర్యోదయము, తిథి, చంద్రోదయము దాని గుణములు.

గుణములలో కొన్ని సులభములు, కొన్ని వ్యయసాధ్యములు. వ్యయమనగా ఇచ్చట యంత్రమునకు పట్టు కాలము. తేదీ, ఊరు మనము చెప్పినవే గనుక వ్రాసికొన్న చాలును. తిథి యట్లు కాదు. సూర్యచంద్రుల స్ఫుటములు సాధించి, వాని యంతరమును 12 భాగల వంతున విభజింపవలెను. చంద్రస్ఫుటమునకు పెక్కు సంస్కారములు కలవు. చంద్రోదయమునకైతే మొదట ఒక అంచనా వేసి, దానిని మరల మరల దిద్దుకొనుచు పోవలెను.

మనుమడు మొదట చేసిన యేర్పాటు ప్రకారము ప్రోగ్రాము తెరవగనే 60 సంవత్సరముల దినములు, అనగా సుమారు 21,900 వ్యక్తులు పుట్టుచుండెను. పుట్టగనే ప్రతిదాని గుణములన్నియు గణింపబడుచుండెను. నేను అడుగునది ఒక్క దినపు తిథి. తక్కిన దినముల చంద్రోదయములన్నియు తెమలువఱకు నేను ముక్కు మూసికొని కూర్చుండవలసి వచ్చెడిది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లుండెను వ్యవహారము.

"తాతగారూ, అడిగినప్పుడే లెక్కవేయునట్లు మార్చెదను" అని అతడు పద్ధతి మార్చెను. క్రొత్త పద్ధతి ఇది. దినము పుట్టునప్పుడు తేదీ, ఊరు మాత్రము వ్రాసికొనును. తిథి గడి ఖాళీగా నుండును. ఎవరైన తిథి యడిగినచో మొదట ఆ గడి చూచును. ఖాళీయైనచో గణించి, గడిలో వ్రాసి, చెప్పును. మఱల అడిగినచో వ్రాసియున్నదానినే చదివి చెప్పును. అడుగనిదానికి శ్రమ లేదు. అడిగినదానికి ఒక్కమారే శ్రమ.

ఇది నా మనుమడు కనిపెట్టినది కాదు. అవసరము కలిగినప్పుడే, అదియు ఒక్క పర్యాయమే గణించు విధానమును 1971లో క్రిస్టఫర్ వాడ్స్‌వర్త్ ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన పరిశోధన గ్రంథమున వివరించెను. 1976లో హెండర్సన్, మోరిస్ అనువారొకవైపున, ఫ్రీడ్‌మన్, వైజ్ అనువారు వేఱొకవైపున దానిని ప్రోగ్రాము భాషలకు అన్వయించి వ్రాసిరి. ఇంగ్లీషులో దానికి సోమరి గణనయను అర్థము వచ్చు పేరు నిలిచినది. పేరు సోమరిదే గాని పని సోమరిది కాదు.

ఇక అసలు చిక్కు. ఆ ప్రోగ్రాము మొదట వ్రాసినది 1991లో వెలువడిన పైథాన్ అను భాషలో. ఆ భాషలో సాధారణముగా వ్యక్తి యనునది తెల్లకాగితపు పుస్తకమువంటిది. క్రొత్త విషయము తోచినప్పుడెల్ల ఒక పంక్తి చేర్చుకొనవచ్చును. గణించినదానిని ఆ పుస్తకముననే వ్రాసియుంచు సిద్ధపరికరమొకటి 2019లో వచ్చిన 3.8వ కూర్పులో చేర్పబడినది. మనుమడు దానినే వాడెను.

తరువాత వేగము చాలలేదని ఆ క్లాసును సైథాన్ అను భాషలోనికి మార్చెను. 2007లో వెలువడిన ఈ భాష, పైథాన్ వంటి వ్రాతను సీ భాషలోనికి మార్చును. దానిని కంపైలరు అను మఱియొక ప్రోగ్రాము యంత్రము తిన్నగా నడపగల రూపమునకు తెచ్చును. గ్రంథమును పంక్తి పంక్తికి అర్థము చెప్పించుకొనుచు చదువుటకును, అంతయు ముందే అనువదించి పెట్టుకొనుటకును గల భేదమే ఇచ్చటను.

ఇట్టి క్లాసులోని వ్యక్తి తెల్లకాగితపు పుస్తకము కాదు; గడులు అచ్చువేసిన అడంగలు. ఎన్ని గడులో, ఏది ఎచ్చటనో కంపైలు చేయునప్పుడే స్థిరపడును. యంత్రము పేరు పెట్టి వెదకక నాలుగవ గడియని తిన్నగా పోవును. వేగమునకు ఒక కారణమదియే. కాని ఆ కారణముచేతనే సిద్ధపరికరమునకు వ్రాయుటకు చోటు దొరకక అది మొరాయించెను. ప్రతి అడంగలునకు ఒక తెల్లకాగితపు పుస్తకము తగిలించుట ఒక ఉపాయము. దానికి జ్ఞాపకస్థలము ఎక్కువ పట్టును. వాయిదా వేయదలచిన ప్రతి గుణమునకును ముందే ఒక ఖాళీ గడి అచ్చువేయించుట రెండవది. మనుమడు రెండవదానినే అవలంబించెను. తరువాత చేయదలచిన పనికి సయితము చోటు ముందే ఏర్పఱుపవలెనని దీనివలన తెలియుచున్నది.

గడి యుండినంత మాత్రమున చాలదు. పూర్వము కరణము వ్రాసిన అడంగలులో ఖాళీ గడి యనగా ఇంకను పొలము చూడలేదని యర్థము. పంట లేదు అని వ్రాసిన గడి యనగా చూచి వచ్చితిమి, లేదని యర్థము. ఈ రెంటిని ఒకటిగా భావించినచో చూచిన పొలమునకే మరల మరల పోవలసివచ్చును. మనుమని ప్రోగ్రాములో అదే జరిగెను. చంద్రుడు దినదినము సగటున సుమారు 50 నిమిషములు ఆలస్యముగా ఉదయించును. అందుచేత అర్ధరాత్రము మొదలు అర్ధరాత్రము వఱకు తేదీని లెక్కించినచో, ఇంచుమించు నెలకొక తేదీలో చంద్రోదయమే యుండదు. మనుమడు లేదు అనుటకును, ఇంకను గణింపలేదు అనుటకును ఒకే గుర్తు పెట్టెను. అట్టి తేదీని అడిగినప్పుడెల్ల యంత్రము తొలినుండి గణించి, లేదని చెప్పి, మరల మఱచుచుండెను. రెంటికి వేఱువేఱు గుర్తులు పెట్టిన పిమ్మట ఆ వృథాశ్రమ తప్పినది. సంఖ్య తప్ప మఱేమియు పట్టని గడియైనచో, ప్రక్కన గణనమైనదో లేదో తెలుపు చిన్న గడి యొకటి ఉంచవలెను.

ఇది శ్రమకు సంబంధించిన లోపము. దీనికంటె పెద్ద లోపమొకటి మా యింటిలో కర్మలోపమునకే దారితీసియుండెడిది. దివంగతుడైన నా తమ్ముని కుమారుడు అమెరికాలో డాలస్ నగరమున నున్నాడు. తండ్రి ఆబ్దికమునకు దినము తెలుపుమని నన్నడిగెను. నేను మొదట మన రాజమహేంద్రవరమునకు తిథి చూచి, పిమ్మట ఆ దినమునందే ఊరు డాలస్ అని మార్చి చూచితిని. గురువారమని వచ్చెను. అట్లే తెలియజేసితిని.

రాత్రి నిద్రపట్టక మరల చూచితిని. ఊరిపేరు డాలస్ అని యున్నను సూర్యోదయము మాత్రము నిమిషము తేడా లేక మన ఊరిదే యుండెను. శ్రాద్ధమునకు అపరాహ్ణవ్యాప్తి ప్రధానము. పగటిని ఐదు భాగములు చేయగా నాలుగవ భాగము అపరాహ్ణము. మనకు అపరాహ్ణమగునప్పుడు అచ్చట అర్ధరాత్రము దాటియుండును. చేతితో లెక్క వేసి చూడగా, అచ్చటి గురువారపు అపరాహ్ణమునకు తిథి వెడలిపోయినది. అది వ్యాపించునది బుధవారమున. ఫోనులో చెప్పగా వాడు, "పెదనాన్నగారూ, మీరు చూడకున్న నాన్నగారి తిథి తప్పియుండెడిది" అనెను. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది.

తప్పు గణితమున లేదు. ఊరు మారినను, పాత ఊరికి గణించి వ్రాసిన గడులు చెరిపివేయబడలేదు. గడి ఖాళీగా లేదు గనుక యంత్రము పాత మాటనే నమ్మకముగా చెప్పెను. దీనికి రెండు మార్గములు కలవు. ఊరు మార్చిన క్షణముననే దానిపై ఆధారపడిన సూర్యోదయము, అపరాహ్ణము, తిథి మొదలగు గడులన్నియు చెరిపివేయుట ఒకటి. పుట్టిన దినమునకు ఊరు మార్చనీయక, క్రొత్త ఊరికి క్రొత్త దినమునే పుట్టించుట మఱియొకటి. మొదటిదానిలో ఒక్క గడి మఱచినను ముప్పే గనుక రెండవదే మేలని నేను చెప్పితిని. మనుమడు అట్లే చేసెను.

వాయిదా అన్నిట తగదు. సంవత్సర పంచాంగము అచ్చువేయవలెనన్నచో అన్ని దినములును కావలసినవే; వాయిదావలన లాభము లేదు. తేదీ తప్పుగా నిచ్చినచో ఆ తప్పును అప్పుడే పట్టుకొనవలెను గాని తిథి యడుగువఱకు దాచరాదు. కనుక సులభమైన పరీక్షలు వెంటనే, వ్యయసాధ్యమైన గణన అడిగినప్పుడు.

పని వాయిదా వేయవచ్చును. దానికి చోటును, చేయలేదను గుర్తును, ఆధారము మారినప్పుడు చెరుపు నియమమును వాయిదా వేయరాదు. ఆ బుధవారమున డాలస్ నగరమున మా తమ్మునికి పిండప్రదానము సకాలమున జరిగినది. ఆ సంతోషముతో ఇంతటితో విరమించుచున్నాను. సెలవు.