నెల్లూరు అభ్రకపు మేఖలలో సమర్‌స్కైట్: లక్షణాలు, ఉనికి, ప్రయోజనాలు

వ్యాససంగ్రహం:
నెల్లూరు ప్రాంతపు అభ్రకపు గనులలో లభించిన నల్లని ఖనిజాలలో సమర్‌స్కైట్ ఒకటి. ఇది నయోబియంతో పాటు యురేనియాన్ని, విరళ మృత్తిక మూలకాలను కూడా కలిగిన ఆక్సైడు. దీని భౌతిక, రసాయనిక లక్షణాలను, ఉనికిని, ప్రయోజనాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ధాతువుగా దీని విలువ పరిమితమనీ, శిలల వయస్సును తెలిపే సాక్ష్యంగా విలువ అధికమనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సమర్‌స్కైట్, కొలంబైట్, నయోబియం, పెగ్మటైట్, అభ్రకం, నెల్లూరు.

1. ఉపోద్ఘాతం:
నెల్లూరు నగరానికి ఉత్తరాన, పెన్నానదికి ఆవలి గట్టున కొడవలూరు ఉంది. ఇది వరి పండే ఒండ్రునేలల ప్రాంతం. ఇక్కడి నుంచి పడమటికి సాగిన కొద్దీ ఒండ్రు పలచబడి, అభ్రకపు షిస్టు, యాంఫిబోలైట్ వంటి ప్రాచీన శిలలు బయటపడతాయి. వాటిని చీల్చుకొని వచ్చిన పెగ్మటైట్ చాళ్లలోనే నెల్లూరు అభ్రకం ఉంది. సుమారు 100 కిలోమీటర్ల పొడవున్న ఈ మేఖలను గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి అని నాలుగు భాగాలుగా వ్యవహరిస్తారు. అభ్రకం కోసం తవ్వినప్పుడు పలుగురాయి, ఫెల్డ్‌స్పార్‌లతో పాటు బెరిల్, కొలంబైట్, సమర్‌స్కైట్ వంటి అరుదైన ఖనిజాలు కూడా అక్కడక్కడ బయటపడ్డాయి. గ్రిద్దలూరు సమీపాన గల శంకర గనిలోని సమర్‌స్కైట్ 20వ శతాబ్దపు తొలి దశకాల నుంచే భూవిజ్ఞాన రచనలలో ప్రస్తావనకు వచ్చింది.

2. నామచరిత్ర:
1801లో చార్లెస్ హాచెట్ అమెరికా నుంచి వచ్చిన ఒక నల్లని ఖనిజంలో కొత్త మూలకాన్ని గుర్తించి ‘కొలంబియం’ అని పేరు పెట్టాడు. 1809లో వొలాస్టన్ అది టాంటలం కంటె వేరు కాదని పొరబడ్డాడు. 1844లో హైన్రిఖ్ రోజ్ ఆ రెండూ వేరని చూపి, గ్రీకు పురాణంలోని టాంటలస్ కుమార్తె నియోబీ పేరు మీదుగా ‘నయోబియం’ అన్నాడు. రష్యా గనుల అధికారి సమర్‌స్కీ పేరు మీదుగా 1847లో సమర్‌స్కైట్‌కు నామకరణం చేసినవాడూ ఆయనే. 1879లో లెకాక్ ద బ్వాబోద్రాన్ ఈ ఖనిజం నుంచే సమేరియం మూలకాన్ని కనుగొన్నాడు.

3. లక్షణాలు:
సమర్‌స్కైట్‌లో యిట్రియం, ఇనుము, యురేనియం ఒకవైపు, నయోబియం, టాంటలం మరొకవైపు ఆక్సిజన్‌తో కూడి ఉంటాయి. యురేనియం ఆక్సైడు కొన్ని నమూనాలలో 10 శాతాన్ని మించుతుంది. యురేనియం నుంచి వెలువడే ఆల్ఫా కణాల తాకిడికి స్ఫటిక నిర్మాణం కాలక్రమాన చెదిరిపోతుంది. పైకి ఘనంగానే ఉన్నా లోపల పరమాణువుల క్రమం గాజులో వలె నశించిన ఈ స్థితిని ‘మెటామిక్ట్’ స్థితి అంటారు. అందువల్లనే విరిచినప్పుడు శంఖపు వంపులతో మెరిసే నల్లని తలం కనిపిస్తుంది. చుట్టూ ఉన్న పలుగురాయి వికిరణానికి పొగరంగుకు మారడం, పగుళ్లు వ్యాపించడం కూడా కద్దు.

క్షేత్రంలో దీనిని ఇతర నల్లని ఖనిజాల నుంచి వేరుచేయడం అవసరం. నల్లని టూర్మలిన్ నిలువు గీతలున్న కడ్డీలుగా ఉంటుంది; దాని సాపేక్ష సాంద్రత 3కు కొంచెం పైన మాత్రమే. సమర్‌స్కైట్‌ది 5కు మించుతుంది కనుక చేతిలోకి తీసుకోగానే బరువు తెలుస్తుంది. మాగ్నెటైట్‌ను అయస్కాంతం గట్టిగా ఆకర్షిస్తుంది. కొలంబైట్ సాధారణంగా పలకల వంటి స్ఫటికాలుగా దొరుకుతుంది. టాంటలం పెరిగిన కొద్దీ దాని సాంద్రత 5.2 నుంచి 8 వైపు పెరుగుతుంది. వికిరణ మాపకం సమర్‌స్కైట్ దగ్గర స్పష్టంగా స్పందిస్తుంది. తుది నిర్ణయానికి మాత్రం రసాయనిక విశ్లేషణ తప్పనిసరి.

4. తీరప్రాంతంలో లభించకపోవడానికి కారణం:
పెన్న ఈ మేఖలను దాటి వస్తున్నప్పుడు కొడవలూరు వైపు ఇసుకలలో ఈ ఖనిజాలు ఎందుకు పేరుకోలేదన్న ప్రశ్న సహజం. ఇల్మనైట్, గార్నెట్ వంటివి దూరప్రయాణాన్ని తట్టుకొని తీరపు ఇసుకలలో చేరతాయి. కొలంబైట్, సమర్‌స్కైట్‌లు బరువైనవే కాని పెళుసువి. అందువల్ల అవి ప్రవాహంలో త్వరగా నుగ్గయి చెదిరిపోతాయి. కాబట్టి వీటిని వెదకవలసింది పెగ్మటైట్‌లోను, దాని దిగువనున్న మట్టిలోను, పాత గనుల తవ్వుడు దిబ్బలలోను.

5. ప్రయోజనాలు:
ప్రపంచ నయోబియంలో అధికభాగం బ్రెజిల్‌లోని అరషా వద్ద పైరోక్లోర్ ఖనిజం నుంచి వస్తున్నది. చెదురుమదురుగా, చిన్న ముద్దలుగా దొరికే నెల్లూరు ఖనిజాన్ని దానితో పోల్చలేము. అయితే ఆ లోహపు ఉపయోగాలు ఈ ప్రాంతానికి దూరమైనవి కావు. ఉక్కులో నూటికి 0.1 వంతుకు లోపు కలిపిన నయోబియం దాని బలాన్ని గణనీయంగా పెంచుతుంది. భారజల రియాక్టర్ల పీడన గొట్టాలకు 2.5 శాతం నయోబియం కలిపిన జిర్కోనియం మిశ్రలోహాన్ని వాడతారు. ఈ ప్రాంతంలోనే ఉన్న శ్రీహరికోట నుంచి ఎగిరే పి.ఎస్.ఎల్.వి. నాలుగవ దశ నాజిళ్లకు కొలంబియం మిశ్రలోహాన్ని వినియోగించారు. దానికి బదులుగా తేలికైన కార్బన్-కార్బన్ నాజిల్‌ను రూపొందించినట్లు ఇస్రో 2024లో ప్రకటించింది.

సమర్‌స్కైట్ విశిష్ట ప్రయోజనం కాలనిర్ణయం. యురేనియం-238 సుమారు 447 కోట్ల సంవత్సరాల అర్ధాయువుతో సీసం-206గా మారుతుంది. ఖనిజంలో ఆ రెండింటి నిష్పత్తిని కొలిచి వయస్సును గణిస్తారు. నెల్లూరు పెగ్మటైట్‌లు సుమారు 160 కోట్ల సంవత్సరాల నాటివన్న అంచనాకు ఇక్కడి సమర్‌స్కైట్ ఆధారమైంది. కాని మెటామిక్ట్ ఖనిజం నుంచి సీసం జారిపోయే అవకాశం ఉన్నందున, స్ఫటిక నిర్మాణం చెదరని కొలంబైట్‌తో ఫలితాన్ని సరిచూడడం శాస్త్రీయం.

6. పరిరక్షణ, జాగ్రత్తలు:
2015లో అభ్రకం, పలుగురాయి, ఫెల్డ్‌స్పార్‌లు చిన్నతరహా ఖనిజాల జాబితాలో చేరాయి. 2023 గనుల చట్ట సవరణతో నయోబియం ఖనిజాలు అణుఖనిజాల జాబితా నుంచి తొలగి కీలక ఖనిజాల జాబితాలోకి వచ్చాయి. యురేనియం, థోరియం గల విరళ మృత్తిక ఖనిజాలు మాత్రం అణుఖనిజాలుగానే కొనసాగాయి. సమర్‌స్కైట్‌లో ఈ రెండు వర్గాల మూలకాలూ ఉన్నాయి. కనుక దిబ్బలలోని నల్లరాయిని పరీక్షించకుండా పలుగురాయితో కలిపి పిండి చేస్తే శాస్త్రసాక్ష్యం నశించడమే కాక, యురేనియం ఉన్న ధూళి కార్మికుల ఊపిరితిత్తులలోకి చేరుతుంది. కళాశాలల ప్రయోగశాలలలో కూడా ఈ నమూనాలను పేరు, లభించిన చోటు రాసిన మూతపెట్టెలలో, గాలి ఆడే గదిలో ఉంచాలి. పొడి చేయడాన్ని విద్యార్థులకు అప్పగించరాదు.

7. ముగింపు:
నెల్లూరు సమర్‌స్కైట్ పరిమాణంలో స్వల్పం. అది అందించే సమాచారం అధికం. ఏ గనిలో, ఏ లోతున, ఏ ఖనిజాల నడుమ దొరికిందన్న వివరం లేని నమూనా కేవలం నల్లరాయి. పాత దిబ్బలను తరలించే ముందే వికిరణ మాపకంతో పరిశీలించి, లభించిన నమూనాల స్థానాలను నమోదు చేయడం ఈ ప్రాంతపు పరిశోధకులు చేపట్టవలసిన తక్షణ కర్తవ్యం.