గుహలో దీపం ఆరిపోతే?

మీరొక గుహలో ఉన్నారు. చుట్టూ చిమ్మచీకటి. చేతిలో దీపం ఉంది. ఉత్తరాన ఒక సందు, పడమట మరొక సందు కనిపిస్తున్నాయి. ఎటు వెళతారు?

జవాబు ఆలోచించడం మొదలుపెట్టారా? అయితే నేను చెప్పబోయే ఆట మిమ్మల్ని పట్టుకున్నట్టే! ఇందులో బొమ్మలు లేవు, రంగులు లేవు, చప్పుడు లేదు. కంప్యూటరు తెరమీద నాలుగు వాక్యాలు కనబడతాయి. మీరు ఒకటి రెండు మాటల్లో ఏం చేయాలో టైపు చేస్తారు: ‘దీపం తీసుకో’, ‘పడమర’. ఏం జరిగిందో కంప్యూటరు చెబుతుంది. అంతే. ఈ ఆట పేరు ‘అడ్వెంచర్’. దాదాపు యాభై ఏళ్ళనాటిది. ఇప్పటికీ ఆడేవాళ్ళున్నారు. కెన్, రొబెర్టా విలియమ్స్ దంపతులు 2023లో దీనికి బొమ్మల హంగులద్ది మళ్ళీ విడుదల చేశారు కూడా.

దీన్ని రాసినవాడు విల్ క్రౌథర్ అనే అమెరికన్. ఇంటర్నెట్టుకు తాత అనదగిన ఆర్పానెట్టును నిర్మించిన వాళ్ళలో ఒకడు. తీరిక దొరికితే గుహల్లో దూరి వాటిని కొలిచి పటాలు గీయడం అతని సరదా. భార్య పెట్రీషియాదీ అదే సరదా. కెంటకీ రాష్ట్రంలో ఫ్లింట్ రిడ్జ్ గుహలు మామత్ గుహలతో కలుస్తాయని 1972లో కనిపెట్టిన బృందంలో ఆమె ఉన్నది. తరువాత ఆ దంపతులు విడిపోయారు. పిల్లలకు దూరమైన ఆ తండ్రి 1975, 76 ప్రాంతంలో, తనకు బాగా తెలిసిన గుహనే ఒక ఆటగా మార్చి తన ఇద్దరు కూతుళ్ళ కోసం రాశాడు. 1977లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాన్ వుడ్స్ అనే విద్యార్థికి ఈ ఆట దొరికింది. రచయిత చిరునామా తెలియదు. ఏం చేశాడో తెలుసా? ఆర్పానెట్టులో ఉన్న ప్రతి కంప్యూటరుకూ ‘క్రౌథర్’ పేరిట ఉత్తరం పంపాడు! అలా అనుమతి తెచ్చుకొని నిధులనూ చిక్కుముళ్ళనూ చేర్చి ఆటను పెంచాడు.

క్రౌథర్ రాసిన మొదటి ప్రోగ్రాముకు తెలిసిన మాటలు 193 మాత్రమే. పైగా ప్రతి మాటలోనూ మొదటి అయిదు అక్షరాలనే చూసేది. నవ్వకండి. మనిషి భాష కంప్యూటరుకు నేర్పడం ఎంత కష్టమో ఆ రోజుల్లో తెలిసినవాళ్ళు తక్కువ. మన నెల్లూరుకు పొరుగున, అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు అమెరికాలో సరిగ్గా ఈ పనిలోనే ఉన్నారు. 1973నాటికి ఆయన బృందం తయారుచేసిన ‘హియర్‌సే’, నోటితో చెప్పిన చదరంగం ఎత్తులను విని గుర్తుపట్టేది. 1976లో వచ్చిన ‘హార్పీ’కి 1011 మాటలు తెలుసు. 1994లో ఆయనకు ట్యూరింగ్ బహుమతి వచ్చింది.

ఇక గుహ సంగతి. గుహ ఎలా ఉంటుందో తెలియకపోతే ఈ ఆట సగమే అర్థమవుతుంది. దానికి కెంటకీ దాకా పోనక్కరలేదు. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో బెలూం గుహలున్నాయి. గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకున్న వాననీరు బలహీనమైన ఆమ్లమై, సున్నపురాతిని లక్షల ఏళ్ళు కరిగిస్తే ఏర్పడిన సొరంగాలవి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటిని గురించి రాశాడు. తరువాత దాదాపు వందేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. 1982, 83లలో డేనియల్ గెబావర్ నాయకత్వాన జర్మన్ల బృందం వచ్చి కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. లోపల గదులకు సింహద్వారం, కోటిలింగాలు, సప్తస్వరాల గుహ, పాతాళగంగ అని పేర్లు. వింటుంటేనే ఆటలాగా లేదూ?

గుహను కొలిచేవాళ్ళు ఒక చోటినుంచి ఇంకో చోటికి టేపుతో దూరం, దిక్సూచితో దిక్కు, వాలుమాపకంతో వాలు కొలిచి పుస్తకంలో వరసగా రాసుకుంటారు. క్రౌథర్ ప్రోగ్రాము గుండెకాయ కూడా అటువంటి పట్టికే. ప్రతి గదికీ ఒక సంఖ్య. ‘3వ గదిలో ఉత్తరం అంటే 5వ గది, పడమర అంటే 4వ గది.’ ఇలా రాసుకుంటూ పోవడమే. ఉత్తరానికి వెళ్ళి, మళ్ళీ దక్షిణం అంటే బయలుదేరిన గదికే వస్తామన్న నమ్మకం లేదు. ఇది ఆటగాణ్ణి ఏడిపించడానికి పెట్టింది కాదు. నిజం గుహలో సందు ఉత్తరానికి మొదలై మధ్యలో మెలితిరిగి తూర్పునుంచి గదిలోకి తెరుచుకోవచ్చు కదా!

దీపం కూడా అంతే. వుడ్స్ ఆటలో అది 330 ఎత్తులు వెలుగుతుంది. మొదట్లో సూచనలు చదివిన కొత్తవారికి మాత్రం జాలిపడి 1000 ఇస్తారు. గుహల్లోకి వెళ్ళేవాళ్ళు మనిషికి మూడు దీపాలు ఉంచుకోవాలన్నది పాత నియమం. ఆరిపోయిన దీపంతో ఒక్క అడుగు తప్పుగా వేసినా గోతిలో పడతారు. ఆటలోనూ అదే జరుగుతుంది. నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు నెల్లూరులో గంటకింత అని కట్టి కంప్యూటరు నేర్చుకుంటూ, ఒకరోజు డబ్బంతా ఆ గోతిలోనే పోగొట్టుకున్నాను. అప్పటి బాధ ఇప్పటికీ గుర్తే!

కిందటేడు మా అల్లూరులో తొమ్మిదో తరగతి పిల్లలతో దీన్ని కాగితం మీద ఆడించాను. కంప్యూటరును నేనే. పట్టిక నా ఒళ్ళో. గదుల పేర్లు బెలూంవి, దారులు నా కల్పన. చివర అయిదు గదుల చిక్కుదారి పెట్టాను. అయిదింటికీ ఒకే వర్ణన: ‘మీరు ఇరుకు సందులో ఉన్నారు.’ అసలు ఆటలోనూ ఇలాంటి చిక్కుదారి ఉంది. అన్నీ ఒకేలా ఉంటే ఎక్కడున్నామో ఎలా తెలుస్తుంది? పిల్లలు చాలాసేపు తిరిగారు. దీపానికి ఇరవై ఎత్తులే మిగిలాయి. అప్పుడొక అమ్మాయి ‘చింతగింజ కింద వేస్తున్నాను సార్’ అన్నది. తరువాతి గదిలో గోళీ, ఆ తరువాత సుద్దముక్క. ఇక గదులకు గుర్తులు వచ్చాయి. అందరూ పటం గీయసాగారు.

కాసేపటికి అదే అమ్మాయి నన్ను ఆపింది. ‘సార్, ఇందాక గోళీ గదినుంచి పడమరకు పోతే చింతగింజ కనబడిందన్నారు. ఇప్పుడు సుద్దముక్క అంటున్నారు. గుహ మారదు కదా!’ అలాంటిదేమీ లేదని కొట్టిపారేయబోయి, పట్టిక చూసుకున్నాను. కింది వరస చదివాను. తప్పు ఒప్పుకొని రెండెత్తులు తిరిగి ఇచ్చాను. మూడెత్తుల దీపం మిగిలి ఉండగా బయటపడ్డారు.

గదికొక గుర్తు దొరికితే సరే. చేతిలో ఒకే ఒక్క గింజ ఉంటే? దాన్ని వేయవచ్చు, మళ్ళీ కనబడితే తీసుకోవచ్చు. ఏ గదినుంచైనా ఏ గదికైనా దారి ఉండి, గదులు ఇన్నింటికి మించవని ముందే తెలిస్తే, ఆ ఒక్క గింజతోనే పటమంతా గీయవచ్చని 1998లో కంప్యూటరు శాస్త్రజ్ఞులు నిరూపించారు. ఈ మాట చెప్పగానే ఆ అమ్మాయి నోటుపుస్తకంలో మూడు గదులు గీసి కూర్చున్నది. మీరూ మూడింటితో మొదలుపెట్టండి. ప్రతి గదికీ రెండే దారులు పెట్టుకోండి. పట్టిక మాత్రం మీ స్నేహితుడి దగ్గర ఉండాలి.