ఉపకళా కణజాలము: దేహమునకు పైపొర, లోపొర

ఉన్నత తరగతులలో జీవశాస్త్రము చదువు బాలబాలికలు ఇంటివద్ద ‘ఉపకళ’ యను మాటను వల్లించుట తల్లిదండ్రులు వినియుందురు. మాట క్రొత్తదిగా తోచినను, అది తెలుపు వస్తువు మనకు మిక్కిలి సన్నిహితమైనది. అద్దములో చూచుకొను ముఖము, నాలుకకు తగులు బుగ్గ లోభాగము, పీల్చిన గాలి పోవు మార్గము, తిన్న అన్నము జీర్ణమగు ప్రేగు, ఇవన్నియు ఉపకళచే కప్పబడినవే.

మన దేహము కణములచే నిర్మితము. ఒకే పనికై కలసియుండు కణముల సముదాయమునకు కణజాలమని పేరు. కణజాలములు ముఖ్యముగా నాలుగు విధములు: ఉపకళా, సంయోజక, కండర, నాడీ కణజాలములు. వీనిలో ఉపకళ అవయవముల వెలుపలి తలమును, లోపలి కుహరములను కప్పియుండును. ఇందలి కణములు, గోడలోని ఇటుకలవలె, నడుమ సందు లేకుండ అమరియుండును. వాని అడుగున ఆధారత్వచమను పలుచని పొర కలదు. ఉపకళలో రక్తనాళములు లేవు. క్రిందనున్న సంయోజక కణజాలమునుండియే దానికి ఆహారము ఊరి చేరును. చర్మము పైపైన మాత్రమే గీసికొనిపోయినపుడు రక్తము రాకుండుటకు కారణ మిదియే.

కణములు ఒకే వరుసగా నున్నచో సరళ ఉపకళ యనియు, పలు వరుసలుగా నున్నచో స్తరిత ఉపకళ యనియు చెప్పుదురు. సరళ ఉపకళలో ఆకారమును బట్టి భేదములు గలవు. చేప పొలుసువలె పలుచనైన కణములు గలది శల్కల ఉపకళ. ఊపిరితిత్తులలోని కోట్లకొలది వాయుగోణులకు ఇదియే గోడ. ఆ గోడ అంత పలుచన గనుకనే ప్రాణవాయువు క్షణములో రక్తమును చేరుచున్నది. మూత్రపిండనాళికలలో ఘనాకార ఉపకళయు, జీర్ణాశయమునందును ప్రేగులందును స్తంభాకార ఉపకళయు గలవు. శ్వాసనాళమందలి కణములపై శైలికలను సన్నని కేశములవంటివి యుండి, ఎడతెగక ఊగుచు, ధూళి చిక్కుకొనిన జిగురును గొంతువైపునకు నెట్టుచుండును.

ఒరపిడి యెక్కువగా గల చోట్ల స్తరిత ఉపకళ యుండును. చర్మము, నోరు, అన్నవాహిక ఇందుకు నిదర్శనములు. పైవరుస అరిగి రాలుచుండగా అడుగు వరుస క్రొత్త కణములను పుట్టించుచుండును. మూత్రాశయమునందలి మధ్యాంతర ఉపకళ ఆశయము నిండినపుడు సాగి, ఖాళీయైనపుడు మరల ముడుచుకొనును. లాలాజలము, స్వేదము మున్నగువానిని స్రవించు గ్రంథులును ఉపకళనుండి పుట్టినవే.

కాబట్టి రక్షణము, శోషణము, స్రావము, వడపోత, స్పర్శ రుచ్యాదుల గ్రహణము ఉపకళకు ముఖ్య ధర్మములు. ఈ జ్ఞానము పరీక్షకు మాత్రమే పనికివచ్చునది కాదు. ఇంటిలోని బిడ్డల ప్రాణము కాపాడుటకును ఉపకరించును.

శోషణము సంగతి చూడుడు. కలరా వంటి వ్యాధులలో ప్రేగు ఉపకళనుండి నీరును ఉప్పును వెలుపలికి పారిపోవును. అయినను ఉప్పు, గ్లూకోజు జంటగా వచ్చినపుడు వానిని లోనికి గొనిపోవు మార్గము ఆ కణములలో చెడక నిలిచియుండును. వాని వెంట నీరును లోనికి పోవును. 1971లో తూర్పు బెంగాలునుండి వచ్చిన శరణార్థులకు పశ్చిమ బెంగాలునందలి బన్‌గావ్ శిబిరములో కలరా సోకినపుడు, సిరలలోని కెక్కించు ద్రవము చాలకపోగా, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని రోగులచే త్రాగించిరి. నూటికి 30 వరకు నున్న మరణములు 4కు లోపునకు తగ్గినవి. విరేచనములైన బిడ్డకు నీరు మానిపించు అలవాటు ఎంత ప్రమాదకరమో దీనివలన గ్రహింపవచ్చును. ఆరోగ్య కేంద్రమున నిచ్చు పొట్లము దొరకనిచో, కాచి చల్లార్చిన 1 లీటరు నీటిలో చదునుగా కొలిచిన 6 టీ చెంచాల చక్కెరయు, అర చెంచా ఉప్పును కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. కొలత తప్పరాదు. బిడ్డ మగతగా నున్నను, త్రాగలేకున్నను ఆలస్యము చేయక వైద్యునికడకు గొనిపోవలయును.

రక్షణము సంగతియు అట్టిదే. పొగాకు పొగ శైలికలను స్తంభింపజేయును. అవి చేయవలసిన పని దగ్గు చేయవలసి వచ్చును. ఇంటిలో పెద్దలు కాల్చిన పొగ పిల్లల శ్వాసమార్గమునకును హాని చేయును. ఉపకళ కణములు ఎల్లప్పుడును విభజన చెందుచుండును గనుక, పెద్దలకు వచ్చు క్యాన్సరులలో అధిక భాగము వానినుండియే పుట్టును. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరప్రాంతములలో చుట్ట నిప్పుకొనను నోటిలో నుంచుకొని కాల్చు ‘అడ్డపొగ’ అలవాటు, ముఖ్యముగా స్త్రీలలో, చిరకాలముగా కలదు. ఇతరచోట్ల అరుదైన అంగిలి క్యాన్సరు ఆ అలవాటు గలవారిలో హెచ్చుగా కానవచ్చెను. వేడియు పొగయు నిత్యము తగులు చోటనే రోగము పుట్టుట గమనింపదగినది. తాంబూలముతో పొగాకు నమలుటయు బుగ్గ లోపొరకు ఇట్లే కీడు చేయును. నోటిలో తెల్లని మచ్చగాని, మానని పుండుగాని రెండు వారములు దాటి నిలిచినచో వైద్యునికి చూపవలెను.

ఆహారమునకును ఉపకళకును సంబంధము కలదు. ఏ విటమిను లోపించినచో కంటి ఉపకళ ఎండి గరుసెక్కి, తుదకు చూపే పోవచ్చును. మునగాకు, తోటకూర, బొప్పాయి, పాలు, గ్రుడ్డు ఆ లోపమును తీర్చును.

పిల్లలు ఈ పాఠము చదువునాడు ‘ఉపకళ మన యింటిలో నెవరికేమి చేయుచున్నది?’ అని తల్లిదండ్రులు తెలుగుననే ప్రశ్నింపవలెనని మనవి. చుట్టుపట్ల వేరొక భాష వినవచ్చు ఊరిలో, శాస్త్రమును మాతృభాషలో చెప్పగల బిడ్డ దానిని తన అమ్మమ్మకును బోధింపగలడు. ఆమె చేతిలోని చుట్ట ఆరిపోయినచో అంతకంటె ఫల మేమి కావలయును?