నెలసరి క్రమం తప్పితే దాచుకోవద్దు
(పీసీఓఎస్ గురించి చెల్లెళ్లకు నాలుగు మాటలు)

మన భాషలో 'నెల తప్పింది' అంటే గర్భం నిలిచిందనే అర్థం. అందుకే పెళ్లికాని పిల్లకు రెండు నెలలు నెలసరి రాకపోతే ఆ సంగతి అమ్మకు చెప్పడానికి కూడా భయపడుతుంది. హాస్టల్లో అయితే చెప్పనే అక్కర్లేదు. ఒకరికి రాలేదంటే గదంతా గుసగుసలే. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. నాట్లకు, కలుపుకు వెళ్లే మా అమ్మలకు ఆసుపత్రి అంటే ఒకరోజు కూలి పోవడమే. నెలసరి ఎన్నాళ్లకు రావాలో మాకు చెప్పినవాళ్లు లేరు. మీకు మేము చెబుదామని ఈ వ్యాసం రాస్తున్నాం.

ఎంతమందికి ఉంటుంది?

నెలసరి క్రమం తప్పడానికి ముఖ్య కారణాల్లో ఒకటి పీసీఓఎస్. పీసీఓడీ అని కూడా అంటారు. ప్రపంచంలో పిల్లల్ని కనే వయసు స్త్రీలలో దాదాపు పదిమందిలో ఒకరికి ఇది ఉందని, వారిలో 70 శాతం వరకు తమకు ఉన్నట్టే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక రెసిడెన్షియల్ కళాశాలలో 15 నుంచి 18 ఏళ్ల అమ్మాయిలు 460 మందిని పరీక్షించి, 2011లో ఫలితాలు ప్రచురించారు. 42 మందికి, అంటే 9.13 శాతం మందికి, పీసీఓఎస్ ఉన్నట్టు తేలింది. వాళ్లూ మనలా ఇల్లు వదిలి చదువుకుంటున్న పిల్లలే.

ఒంట్లో ఏం జరుగుతుంది?

ప్రతినెలా అండాశయంలో కొన్ని చిన్న నీటి సంచులు పెరుగుతాయి. వాటిలో ఒకటి పూర్తిగా ఎదిగి అండాన్ని విడుదల చేస్తుంది. తర్వాత సుమారు రెండు వారాలకు నెలసరి వస్తుంది. పీసీఓఎస్‌లో ఆ సంచులు సగం ఎదిగి ఆగిపోతాయి. స్కానింగులో 'నీటి బుడగలు' అనేవి ఇవే. అవి క్యాన్సర్ గడ్డలు కావు. కోసి తీయవలసినవీ కావు.

చాలామందిలో దీని వెనుక ఇన్సులిన్ ఉంటుంది. అది సరిగా పనిచేయనప్పుడు శరీరం మరింత ఇన్సులిన్ తయారు చేస్తుంది. ఆ ఎక్కువ ఇన్సులిన్ వల్ల అండాశయంలో మగ హార్మోన్లు పెరుగుతాయి. గడ్డం మీద వెంట్రుకలు, మొండి మొటిమలు, తలమీద జుట్టు పలచబడటం వాటివల్లే. మెడ వెనుక నలుపు కూడా ఇన్సులిన్ గుర్తే. మా బ్యాచ్‌లో ఒకామె బెజవాడ ఎండల్లో కూడా మెడకు చున్నీ చుట్టుకునే తిరిగేది. అది మురికి కాదు, సున్నిపిండితో రుద్దితే పోయేదీ కాదు. ఇక లావుగా ఉన్నవాళ్లకే ఇది వస్తుందన్న మాట నిజం కాదు. సన్నగా ఉన్నవాళ్లకూ వస్తుంది.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు?

పెద్దమనిషి అయిన మొదటి ఏడాది క్రమం తప్పడం మామూలే. ఆ తర్వాత మూడేళ్లు నిండేవరకు 21 నుంచి 45 రోజులకు, మూడేళ్లు దాటాక 21 నుంచి 35 రోజులకు రావాలి. మొదటి ఏడాది దాటాక ఎప్పుడైనా 90 రోజులు రాకపోతే తప్పక చూపించుకోవాలి. అందుకే నోటుపుస్తకం చివరి పేజీలో తేదీలు రాసుకోండి. డాక్టరు మొదట అడిగేది అవే.

విజయవాడ, బందరు సర్వజన ఆసుపత్రుల్లో గైనిక్ ఓపీ ఉంది. గర్భం ఉందా అని అక్కడ అడిగితే చిన్నబుచ్చుకోవద్దు, అందరినీ అడిగే ప్రశ్నే. థైరాయిడ్ తేడా వల్ల కూడా నెలసరి తప్పుతుంది కాబట్టి రక్తపరీక్ష చేస్తారు. 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం పెద్దమనిషి అయ్యి 8 ఏళ్లు నిండనివారికి స్కానింగు చూసి పీసీఓఎస్ అని చెప్పకూడదు. ఆ వయసులో ఏ సమస్యా లేనివారి అండాశయాలు కూడా అలా కనిపించవచ్చు. క్రమం తప్పిన నెలసరి, మగ హార్మోన్ల లక్షణాలు రెండూ ఉండాలి.

మందులు, అపోహలు

నెలసరిని గాడిలో పెట్టడానికి గర్భనిరోధక మాత్రలు, ఇన్సులిన్ కోసం మెట్‌ఫార్మిన్ రాస్తుంటారు. ఆ మాత్రల పేరు చూసి పక్క మంచం వాళ్లు నోళ్లు నొక్కుకోనక్కరలేదు, అవి ఇక్కడ చికిత్స. అలాగని ఒకరి చీటీతో మరొకరు కొని మింగకూడదు. పట్టించుకోకుండా వదిలేస్తే ముందుముందు షుగరు, బీపీ రావచ్చు. నెలలకొద్దీ నెలసరి రాకపోతే గర్భసంచి లోపలి పొర మందమై, పెద్దయ్యాక క్యాన్సర్ ప్రమాదం పెరుగుతుంది. దిగులు, ఆందోళన కూడా ఈ సమస్యలో భాగమే. అవీ డాక్టరుకు చెప్పాలి.

'పిల్లలు పుట్టరు' అన్నది అపోహ. చాలామందికి మామూలుగానే, కొందరికి మందులతో పుడతారు. 'గర్భసంచి తీయించేస్తే పీడా పోతుంది' అనే మాట మన ఊళ్లలో ఉంది. ఆ ఆపరేషన్లు ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో మనది ముందువరసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. పీసీఓఎస్‌కు అది వైద్యం కాదు.

హాస్టల్లో చేయగలిగినవి

వరి పండే డెల్టా మనది, అన్నం మానమని ఎవరూ అనరు. మారు అన్నం తగ్గించి పప్పు, కూర ఎక్కువ వేయించుకోండి. మీ గుడ్డు మీరే తినండి. సాయంత్రం పునుగులు, కూల్‌డ్రింకు రోజూ వద్దు, గుప్పెడు ఉడికించిన శనగలు తినండి. టిఫిన్ మానేసి మధ్యాహ్నం రెండింతలు తినడం మంచిది కాదు.

18 ఏళ్ల లోపువారికి రోజుకు గంట, పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదలాలి. కాలేజీ దగ్గరైతే షేర్ ఆటో మానండి. పీసీఓఎస్ ఉన్న 90 మంది అమ్మాయిలతో మన రాష్ట్రంలోనే 12 వారాలు, రోజుకు గంట చొప్పున, ఒక జట్టుకు యోగా, మరో జట్టుకు వ్యాయామం చేయించారు. బరువులో రెండు జట్లకూ పెద్ద తేడా లేకపోయినా, యోగా చేసినవారిలో ఇన్సులిన్ పనితీరు ఎక్కువ మెరుగైంది. దానికి మేడ మీద జాగా, ఒక దుప్పటి చాలు.

చున్నీ చుట్టుకున్న మా స్నేహితురాలికి మందులతో, నడకతో ఏడాదిలో నెలసరి దారికొచ్చింది. ఆమెకు మొదట కావలసి వచ్చింది ఓపీ దాకా తోడు. మీ గదిలో ఎవరైనా ఇలా దాచుకుంటుంటే నవ్వకండి. ఎన్నాళ్లయిందో మెల్లగా అడగండి, సెలవు చూసుకుని వెంట వెళ్లండి. మాజీ విద్యార్థినులైన అక్కలు కూడా ఊళ్లో తమ ఆడపిల్లలకు ఈ లెక్క నేర్పాలని కోరుతున్నాం.