అవసరమా, తొందరా?

బడి నుంచి వచ్చిన కాగితాన్ని పిల్లవాడు ఇంట్లో చదివి వినిపిస్తాడు: శనివారం 'పోషకర సభె'. కన్నడంలో పోషకరు అంటే తల్లిదండ్రులు. తెలుగులో పోషకులంటే డబ్బిచ్చి సంస్థను నిలబెట్టేవాళ్లు. విన్న తల్లికి ముందు చందా గుర్తొస్తే ఆమె తప్పేమీ లేదు. కింద 'శాలా ప్రవాస' అని ఉంటే అది విహారయాత్ర. తెలుగులో ప్రవాసమంటే ఊరు విడిచి దూరాన బతకడం.

చిక్కబళ్లాపుర, బాగేపల్లి, చింతామణి వైపు చాలా ఇళ్లలో మాట తెలుగు, ఆఫీసులో కన్నడం, సంతలో రెండూ. చింతామణి పక్కనున్న కైవారం తాతయ్య రెండు భాషల్లోనూ కీర్తనలు చెప్పారు. ఇక్కడ రెండు భాషలు కలిసి బతకడం కొత్తేమీ కాదు. కలిసి బతికే చోట ఒకే మాటకు రెండు అర్థాలుంటాయి. ఏది ఎక్కడ చెల్లుతుందో పెద్దవాళ్లం ఆలోచించకుండానే తేల్చుకుంటాం. పిల్లలకు అది ఎవరూ చెప్పరు.

మా తరగతుల్లో ఎక్కువ చిక్కు తెచ్చేది 'అవసరం'. కన్నడంలో అవసర అంటే తొందర. 'అమ్మ అవసరంగా బయలుదేరింది' అని పిల్లవాడు వ్యాసంలో రాస్తే, వాడి వీధిలో అది సరైన వాక్యమే. పరీక్ష పేపరు దిద్దేవారికి మాత్రం వాడి వీధి తెలియదు, గొంతు వినబడదు. వారి ముందున్నది కాగితం ఒక్కటే. మార్కు పోతుంది. (కన్నడంలో 'కల్లు' తగిలి పడ్డాడంటే రాయి తగిలిందని అర్థం. తెలుగు చెవికి ఇంకేదో తోస్తుంది!)

ఊళ్ల పేర్లదీ ఇదే సంగతి. 2025 జూలైలో నంది కొండ మీద జరిగిన రాష్ట్ర మంత్రివర్గ సమావేశం బాగేపల్లికి 'భాగ్యనగర' అని పేరు పెట్టాలని నిర్ణయించింది. ఏ పేరు మంచిదన్నది వేరే చర్చ. తెలుగువాళ్లకు భాగ్యనగరమంటే హైదరాబాదు. పైగా బాగేపల్లి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి హైదరాబాదుకే చేరుతుంది. అనంతపురం చుట్టం ఫోన్ చేసి 'ఎక్కడున్నావురా?' అంటే, 'భాగ్యనగరంలో' అన్న జవాబు ఒక్కటే ఇక చాలదు.

2015 నాటి చట్టం ప్రకారం రాష్ట్రంలోని బడుల్లో కన్నడాన్ని ప్రథమ భాషగానో ద్వితీయ భాషగానో నేర్పాలి. అంటే మన పిల్లలు ఒక పీరియడ్‌లో ఒక అర్థం, మరో పీరియడ్‌లో ఇంకో అర్థం మోసుకు తిరగాలి. తెలుగు క్లాసులో కన్నడ అర్థానికీ, కన్నడ క్లాసులో తెలుగు అర్థానికీ నవ్వులపాలైన పిల్లవాడు ఆ తర్వాత నోరు తెరవడు. మార్కు పోవడం కన్నా మాకు భయం దీనికే.

అందుకే తోటి ఉపాధ్యాయులకు ఒక మాట: ఎర్రగీత కొట్టేముందు 'ఇది ఎవరితో అన్న మాట?' అని అడగండి. మేము ఒకే మాటతో రెండు వాక్యాలు రాయిస్తున్నాం: ఇంట్లో అనేది ఒకటి, పరీక్షలో రాసేది ఒకటి. రెండింటికీ టిక్కు పెడతాం.

పదో తరగతి పిల్లలు ఇలాంటి మాటలను నోటుబుక్కు చివరి పేజీలో రాసుకుంటున్నారు. 'ఊట' కన్నడంలో భోజనం, తెలుగులో నీటి ఊట. 'తిండి' అక్కడ పొద్దుటి టిఫిను, ఇక్కడ ఏ పూట తిన్నా తిండే. మీ ఇంట్లో ఇంకేమైనా వినబడితే పిల్లలతో చెప్పి పంపండి. పేజీలో ఇంకా చోటుంది.