మంచం, బల్ల, పీట, దీపస్తంభం

షూనేము అనే ఊళ్లో కలిగిన ఇంటి స్త్రీ ఒకామె ఉండేది. ప్రవక్తయైన ఎలీషా ఆ దారిన వెళ్లినప్పుడల్లా ఆమె ఆయనను బతిమాలి ఇంటికి పిలిచి భోజనం పెట్టేది. ఆమె అంతటితో ఊరుకోలేదు. తరచూ వచ్చిపోయే ఈ మనిషి భక్తిగల దైవజనుడని గ్రహించింది. భర్తతో మాట్లాడి, మేడమీద ఒక చిన్న గది కట్టించింది. ఆ గదిలో నాలుగే వస్తువులు పెట్టించింది: మంచం, బల్ల, పీట, దీపస్తంభం (2 రాజులు 4:8-10). నడిచి అలసినవాడికి మంచం, పని చేసుకునేవాడికి బల్ల, కూర్చోవడానికి పీట, చీకటి పడితే దీపం. ఒక్కటీ ఎక్కువ లేదు, ఒక్కటీ తక్కువ లేదు.

అతిథి మర్యాద గురించి చెప్పేటప్పుడు ఈ వాక్యభాగాన్ని మేము ఎన్నోసార్లు వాడాం. అయితే అందులో గదిని అమర్చే విద్య కూడా ఉందని మాకు ఏ వ్యాఖ్యాన గ్రంథమూ నేర్పలేదు. మా సంఘంలోని ఒక అమ్మాయి నేర్పింది.

ఆ అమ్మాయి ఇంటీరియర్ డిజైన్ కోర్సు పూర్తి చేసి ఊరికి వచ్చింది. పట్నంలో ఎక్కడికి వెళ్లినా ఒకటే ప్రశ్న, ఇంతకు ముందు ఏం పని చేశావు అని. పని ఇస్తేనే కదా అనుభవం వచ్చేది! అనుభవం ఉంటేనే పని అంటే మొదటి మెట్టు ఎక్కడం ఎలా? ఒక ఆదివారం ఆరాధన ముగిశాక తండ్రితో కలిసి వచ్చి, ప్రార్థన చేయండి అయ్యగారూ అని అడిగింది. ప్రార్థన చేశాం. లేచేసరికి మా కళ్లకు ఎదురుగా సండే స్కూల్ గది కనిపించింది. పోనీ, ముందు ఆ గది చూడమ్మా అన్నాం. నిజం చెప్పాలంటే, దాన్ని మేము పెద్ద పనిగా తలచి అప్పగించలేదు. ఖాళీగా ఉంది కదా, ఏదో ఒకటి చేస్తుందిలే అనుకున్నాం.

కమిటీలో ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పారు. "దేవుని మందిరంలో ఈ ఫ్యాషన్లు ఎందుకండీ? పిల్లలకు వాక్యం కావాలి గాని గది అందం కాదు" అన్నారు. ఆయన మాటలో కొంత న్యాయం లేకపోలేదు. ఆడంబరం కోసం అప్పులు చేసిన సంఘాలను మేమూ చూశాం. అయితే ప్రత్యక్ష గుడారం సంగతి ఆయనకు గుర్తు చేశాం. పనివారిలో బెసలేలును దేవుడే పేరు పెట్టి పిలిచి, తన ఆత్మతో నింపాడని నిర్గమకాండం 31వ అధ్యాయం చెబుతుంది. ఆ ఆత్మ నింపుదల ప్రసంగం చేయడానికి కాదు. బంగారం, వెండి, ఇత్తడి, రత్నాలు, కర్ర చెక్కడం వంటి చేతిపనుల కోసం. అతనితోపాటు అహోలీయాబును నియమించి, ఇతరులకు ఆ పని నేర్పే శక్తినీ వారిద్దరికీ ఇచ్చాడు (35:34). నూలు వడికిన స్త్రీలనూ లేఖనం మరచిపోలేదు (35:25-26). కొలత తీసే చెయ్యి కూడా ఆత్మ వరం పొందిన చెయ్యే.

ఆ అమ్మాయి మొదటి రెండు ఆదివారాలూ ఏ పనీ మొదలుపెట్టలేదు. గది మూలన కూర్చుని చూసింది, అంతే. మాకు కాస్త విసుగు కూడా వచ్చింది. మూడో వారం ఒక కాగితం తెచ్చింది. గది కొలతలు, తలుపు ఎటు తెరుచుకుంటుంది, ఎండ ఏ వేళకు ఎక్కడ పడుతుంది, పిల్లలు ఎక్కడ కూర్చుంటారు, అన్నీ గీసి ఉన్నాయి. తూర్పు కిటికీకి అడ్డంగా పాత బీరువా ఉందని, అందుకే పగలు కూడా ట్యూబ్‌లైటు వేయాల్సి వస్తోందని చెప్పింది. బ్లాక్‌బోర్డు టీచరమ్మ ఎత్తుకు ఉందిగాని, నేలమీద కూర్చునే పిల్లవాడి కంటికి లేదని చెప్పింది. ఏళ్ల తరబడి ఆ గదిలోకి వెళ్లి వస్తున్న మాకు ఆ బీరువా ఎన్నడూ కనబడలేదు!

బీరువా పడమటి గోడకు జరిగింది. కిటికీ తెరుచుకుంది. బోర్డు కిందికి దిగింది. గోడలకు వెల్ల వేశారు. విరిగి మూలన పడి ఉన్న పాత బెంచీల చెక్కతో వడ్రంగి పుస్తకాల అరలు చేశాడు, అవి కూడా పిల్లల చేతికి అందే ఎత్తులో. కొత్తగా కొన్నది జంపఖానాలు, కాస్త రంగు, నాలుగు మేకులు. షూనేమీయురాలు చేసింది ఇదే. ఆమె ముందు వస్తువులు కొనలేదు, ముందు మనిషిని గమనించింది. గమనించిన తర్వాతనే గది.

ఈ దారిలో మొదలుపెట్టి ఎంతో దూరం వెళ్లిన మనిషి ఒకరు మన దేశంలోనే ఉన్నారు. లారీ బేకర్ 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టి, అక్కడే వాస్తుశిల్పం చదివారు. క్వేకర్ విశ్వాసి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో చైనాలో సేవ చేసి, ఇంటికి తిరిగి వెళ్తూ ఓడ కోసం బొంబాయిలో ఆగినప్పుడు గాంధీజీని కలిశారు. 1945లో కుష్ఠు రోగుల మధ్య పనిచేసే మిషన్‌తో మళ్లీ భారతదేశానికి వచ్చారు. ఆయనకు ఇక్కడ అప్పగించిన పని భవంతులు కట్టడం కాదు. రోగులను వెలివేసి ఉంచిన పాత ఆశ్రమాలను వైద్యం చేసే ఆసుపత్రులుగా మార్చడం. చదువుకున్న పాఠాలు ఇక్కడి మట్టికీ, వానకూ, చెదలకూ పనికిరాలేదు. ఊరి మేస్త్రీల దగ్గర కూర్చుని మళ్లీ నేర్చుకున్నారు. వైద్యురాలైన భార్య ఎలిజబెత్‌తో కలిసి హిమాలయ ప్రాంతంలోని పిథోరాగఢ్‌లో ఏళ్ల తరబడి ఉండి ఆసుపత్రి, బడులు కట్టారు. తర్వాత కేరళలో తక్కువ ఖర్చు ఇళ్లకు ఆయన పేరే గుర్తుగా మారింది. ఇటుకల మధ్య ఖాళీలు వదిలి గాలీ వెలుతురూ లోపలికి రానిచ్చే జాలీ గోడలు ఆయన చేతిలో పేదవాడి ఇంటికి అందం తెచ్చాయి. 1990లో పద్మశ్రీ వచ్చింది. 2007లో ప్రభువులో నిద్రించారు. ఆయన తొలి పాఠశాల, ఎవరూ అడుగుపెట్టడానికి ఇష్టపడని కుష్ఠు రోగుల గదులు.

మళ్లీ మా సంఘానికి వద్దాం. మందిరం ముందు మూడు మెట్లున్నాయి, మొత్తం ఒకటిన్నర అడుగుల ఎత్తు. మోకాళ్ల నొప్పులవారి కోసం, చక్రాల కుర్చీవారి కోసం వాలుబాట వేయాలని కమిటీ తీర్మానించింది. ఆరు అడుగుల పొడవులో ఒక్క పూటలో వేసేస్తానన్నాడు మేస్త్రీ. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి, ఒకటిన్నర అడుగులకు 18 అడుగులు, పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉండాలి అంది. స్కూటర్లు పెట్టుకునే చోటు పోతుందని గొణిగినవారున్నారు. ఆమె మేస్త్రీని గాని పెద్దలను గాని ఎదిరించి మాట్లాడలేదు. ఆరు అడుగుల దూరానికి ఒక చెక్కబల్లను వాల్చి, చక్రాల కుర్చీ తెప్పించి, "మీరే ఒకసారి తోయండి అంకుల్" అంది. తోసి చూశాక ఎవరూ మాట్లాడలేదు. ఇప్పుడు మా సంఘంలో ఒక అవ్వ ఎవరి చెయ్యీ పట్టకుండా తానే ఆ కమ్మీ పట్టుకుని ఆరాధనకు వస్తోంది.

ఇంతవరకు చెప్పింది సంతోషంగా ఉంది. ఇక మా తప్పు కూడా చెప్పుకోవాలి. పని బాగుందనగానే మాకు ఆశ పెరిగింది. క్రిస్మస్ వేదిక చూడమ్మా, పాస్టర్ గారింటి తెరలు చూడమ్మా, ఫలానా పెద్దగారి హాలు చూడమ్మా అంటూ ఒకదాని వెంట ఒకటి చెప్పాం. ఆమె కాదనలేదు. ఒక సాయంత్రం ఆమె తండ్రి వచ్చి మెల్లగా అడిగాడు: "అయ్యగారూ, రంగులు వేసినవాడికి కూలి ఇచ్చారు, కరెంటు పని చేసినవాడికి ఇచ్చారు. మా అమ్మాయికి మాత్రం ఆశీర్వాదమేనా?"

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పనివాడు జీతానికి అర్హుడని ప్రభువు చెప్పిన మాట (లూకా 10:7) మీద మేమెన్నిసార్లు ప్రసంగించాం! అది పాస్టర్ల జీతం గురించి అయినప్పుడు గట్టిగానే ప్రసంగించాం. మన మెదక్ మహాదేవాలయాన్ని గుర్తు చేసుకోండి. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో కట్టి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ మందిరం, కరువులో అల్లాడుతున్న జనానికి పని కల్పించి కూడు పెట్టింది. ఆకలితో ఉన్నవారి చేత ఉచితంగా రాళ్లు మోయించి దేవునికి మహిమ అనలేదు. మరి మన పిల్లల దగ్గర మనం ఉచితంగా పని ఎలా తీసుకుంటాం? మరుసటి నెల కమిటీలో మేము తప్పు ఒప్పుకున్నాం. చేసిన పనికి లెక్క కట్టి ఇచ్చాం. మొదట ఫ్యాషన్లు ఎందుకన్న పెద్దాయనే ఆ తీర్మానాన్ని ప్రతిపాదించారు.

ఈ పనిలో అడుగుపెడుతున్న యౌవనస్థులతో నాలుగు మాటలు. మీ ఊళ్లో అంగన్‌వాడీ ఉంది, గ్రంథాలయం ఉంది, వృద్ధాశ్రమం ఉంది, మీ సంఘపు హాలు ఉంది. బాధ్యులను అడిగి, అనుమతి తీసుకుని, ఒక్క గదితో మొదలుపెట్టండి. మొదటిది మీ ఇష్టంతో కానుకగా ఇవ్వవచ్చు. అయితే అది కానుక అని ముందే చెప్పండి, దాని హద్దు కాగితం మీద రాయండి. గోపురం కట్టేవాడు ముందుగా కూర్చుని లెక్క చూసుకుంటాడని ప్రభువే అన్నాడు కదా (లూకా 14:28). సామానుకు ఎంత, కూలికి ఎంత, మీ రుసుము ఎంత అని వేరువేరుగా చూపండి. పనికి ముందూ తర్వాతా ఫొటోలు తీసి ఉంచండి. రేపు అనుభవం ఏమిటని అడిగినవారికి అవే జవాబు. గోడ పడగొట్టాల్సి వస్తే ఇంజనీరును అడగనిదే సుత్తి ఎత్తకండి. అన్నిటికీ ముందు, ఆ గదిలో ఉండే మనిషి పక్కన కాసేపు కూర్చోండి.

పెద్దలతో ఒక్క మాట. మన బిడ్డల తలాంతులను పాటలు పాడేవారిలోనే వెదుకుతున్నాం. కొలతలు తీసేవారిని, చెక్క చెక్కేవారిని, తీగలు కలిపేవారిని కూడా పేరు పెట్టి పిలుద్దాం. వారికి ఒక గది అప్పగిద్దాం, తగిన కూలీ ఇద్దాం. మా సండే స్కూల్‌కు పిల్లవాణ్ణి దిగబెట్టడానికి వచ్చిన ఒక దంతవైద్యుడు ఆ గది చూసి, తన ఆసుపత్రిలో రోగులు కూర్చునే గదిని ఆ అమ్మాయికి అప్పగించారు. అది ఆమె మొదటి సొంత పని.

షూనేమీయురాలి కథ గదితో ముగియలేదు. ఆమెకు లేకలేక కలిగిన కొడుకు ఒకనాడు తల్లి ఒడిలోనే చనిపోయాడు. ఆమె ఆ బిడ్డను ఎక్కడికి తీసుకువెళ్లిందో గమనించారా? తాను దైవజనుడి కోసం అమర్చిన ఆ మేడగదికే, ఆ మంచం మీదికే (4:21). ఆ మంచం మీదనే బిడ్డ మళ్లీ కళ్లు తెరిచాడు. మంచం వేయించిన రోజున అది ఎందుకు పనికొస్తుందో ఆమెకు తెలియదు. ఒకరి అలసట చూసి వేయించింది, అంతే. మనం ఇతరుల కోసం ప్రేమతో అమర్చే గదిలో దేవుడు ఏం చేయబోతున్నాడో మనకూ తెలియదు. కిటికీకి అడ్డంగా ఉన్న బీరువాను జరపడం వరకే మన పని. వెలుగు ఆయనే పంపిస్తాడు. ఆమేన్.